పెరిగే గుడ్డ

ఆ టైలరును వీధంతా వినయం మాస్టారు అనేది. అందులో ఆయన గొప్పేమీ లేదు. పన్నెండేళ్ళ కిందట ఇస్త్రీపెట్టె నిప్పులు మీదపడి మెడ కాలింది. మానిన మచ్చ బిగుసుకుని గడ్డాన్ని గుండెల మీదికి లాక్కుంది. అప్పటినుంచీ తల ఎత్తలేడు, పక్కకు తిప్పలేడు. కొలతలప్పుడు మనుషుల బొత్తాలే తప్ప మొహాలు కనపడేవి కావు. జనం దాన్ని సంస్కారం అనుకున్నారు.

చివరికో డాక్టరు మచ్చ తీసేసి భుజం చర్మం కప్పుతానన్నాడు. అంత చర్మం లేదు గనక పెంచాలన్నాడు. భుజం చర్మం కింద ఖాళీ రబ్బరు బుడగ పెట్టి కుట్టేశారు. వారంవారం నర్సు అందులోకి సూదితో ఉప్పునీళ్ళు ఎక్కించేది.

"లాగితే గుడ్డ పలచబడుద్ది గానీ పెరుగుద్దా అమ్మా?"

"గుడ్డకు ప్రాణం లేదు బాబాయ్. చర్మంలో కణాలుంటాయి. లాగుతున్నారని వాటికి తెలుస్తుంది, ఒకటి రెండవుతుంది. మెల్లగా లాగితే పెరుగుతాయి, తొందరపెడితే చస్తాయి."

మాస్టారు నమ్మలేదు. అద్దం ఒళ్ళో పెట్టుకుని భుజం మీది రెండు పుట్టుమచ్చల మధ్య టేపు పెట్టాడు. మొదటివారం రెండంగుళాలు. ఆరోవారానికి మూడున్నర. పుట్టినప్పటినుంచీ ఇరుగుపొరుగుగా ఉన్నవి చప్పుడు లేకుండా దూరంగా నడిచిపోతున్నాయి. తన ఒంట్లో ఎవరో, తనను అడక్కుండా, నేస్తున్నారు.

ఏడోవారం వృత్తిధర్మం నిద్రలేచింది. ఏ టైలరూ కొలతకు సరిగ్గా కత్తిరించడు, కుట్టుకో అంగుళం వదులుతాడు. నొప్పుందా అని నర్సు అడిగితే పళ్ళు బిగబట్టి లేదన్నాడు.

"ఇంకాస్త ఎక్కించమ్మా. కుట్టుకు ఉండాలి గదా."

భుజం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నర్సు వేలితో నొక్కింది. రంగు తిరిగి రాలేదు.

"నొప్పి లేదన్నారు?"

"కొంచెం ఉందిలే."

"ఆ కొంచెమే చర్మాన్ని చంపేది. తర్వాత మెడా ఉండదు, భుజమూ ఉండదు."

గబగబా నీళ్ళు వెనక్కి లాగింది. పోయారనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చినట్టు ఎరుపు తిరిగొచ్చింది.

ఆపరేషన్లో ఆ చర్మాన్ని భుజం నుంచి పూర్తిగా తెంపకుండా మెడకు తిప్పి కుట్టారు. నెలలోపు తల తిప్పడం మొదలుపెట్టకపోతే మెడ మళ్ళీ బిగుస్తుందన్నాడు డాక్టరు. మాస్టారు తిప్పలేదు. పరాయివాళ్ళు వేసిన కుట్టును ఆయన జన్మలో నమ్మలేదు.

ఇరవై ఎనిమిదో రోజు సాయంత్రం భార్య ఎదురుగా కూర్చుని మెడకు నూనె రాస్తోంది. అంతలో వెనకనుంచి ఎవరో ఆయన భుజం మీద చెయ్యి వేశారు. వెచ్చటి అరచెయ్యి. చటుక్కున తిరిగి చూశాడు.

కుట్టుమిషను ఉంది. కొక్కేనికి తగిలించిన చొక్కా ఉంది. మనిషి లేడు.

"ఎవరే అది?"

"ఎవరేంటండీ, నేనే. మెడకు రాస్తుంటే."

చర్మం మెడకొచ్చింది గానీ దాని నరాలకు ఆ కబురు అందలేదు. వాటి లెక్కలో అది ఇంకా భుజమే. భార్యకు అదేమీ తెలియదు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమండీ... తల తిప్పారు."

మాస్టారు చెయ్యి మెడ మీదికి పోయింది. కుట్టు తడిమి చూసుకున్నాడు. తెగలేదు.

"మళ్ళీ రాయి," అన్నాడు.

ఆవిడ రాసింది. వెనకాల మళ్ళీ ఎవరో భుజం తట్టారు. ఎవరూ ఉండరని తెలిసీ ఆయన తిరిగి చూశాడు.