పొమేరియన్ మూతికి మెరుపంచు మాస్కు

ఈ రాతలో ఒక్క మాట అబద్ధమున్నా నేను నడిపే మరమగ్గాలన్నీ ఒకేసారి పోగులు తెంపుకుని ఆగిపోవాలి. మగ్గాలు నడుస్తున్న రోజుల్లో చేస్తున్న ప్రమాణం కాబట్టి దీని బరువేమిటో మీరే ఊహించుకోండి.

ఇది జరిగినప్పుడు మాత్రం గుజరాత్‌లో మేం బతకడానికొచ్చిన ఉధ్నాలో ఒక్క మగ్గమూ చప్పుడు చేయడం లేదు. మొదటి లాక్‌డౌన్. మా వాడలోని తెలుగువాళ్ళలో సగం మంది ఊళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళకు పొద్దుపోవడానికి నా కథలే దిక్కు. మా ఆవిడ చీరల ముక్కలతో మాస్కులు కుడుతుండేది. ఒక మధ్యాహ్నం మెరుపంచు ముక్కతో కుట్టిన మాస్కు ఒకటి కంటపడింది. కింది వరండాలో మా ఇంటి ఓనరు, గుజరాతీ శేఠ్, పెంచుకునే తెల్ల పొమేరియన్ పడుకుని ఉంది. కుందేలు కన్నా కాస్త పెద్దది. సర్కారు అందరికీ మాస్కు పెట్టుకోమన్నప్పుడు దీనికి మాత్రం మినహాయింపు ఎందుకనిపించింది. చెవులకు తాళ్ళు తగిలించాను. గుడ్డ మూతి మీదికి లాగేలోపే నా కుడి బొటనవేలి మొదట్లో పళ్ళు దిగాయి.

చూసింది మెట్ల మీదున్న మా ఆవిడ ఒక్కతే. నా కేకకు వాడంతా వచ్చింది. తాపీ నది అవతల అమ్రోలిలో కూడా ఆ కేక వినబడిందంటారు.

"ఏమైంది కాకా?"

కుందేలంత కుక్క కరిచిందని చెప్పడానికి నోరు రాలేదు. "నల్లకుక్క! దూడంత ఉన్నది. మీదికి దుంకింది. దవడలు వట్టి చీరబోతుంటే తప్పిచ్చుకున్నది" అన్నాను. చాయ్ బండి దగ్గర ఎప్పుడూ పడుకునే నల్లకుక్క ఒకటుంది. నన్ను చూసి ఒక్కసారి కూడా మొరిగిన పాపాన పోలేదు. మావాళ్ళు కట్టెలు పట్టుకుని దాన్ని రైలు పట్టాల దాకా తరిమారు.

"కుక్క నిన్ను కరిసిందా, నువ్వే కుక్కను కరిసినవా?" అంది మా ఆవిడ గదిలోకి రాగానే. "దవాఖానకు పోదాం పా."

"పోతే జరం జూస్తరు. జర ఒళ్ళు కాలినా కరోనా అని పట్టుకపోతరు."

మగ్గం దగ్గర వేలు తెగితే మేం చేసే వైద్యం ఒకటే, మిషను నూనె రాసి గుడ్డ చుట్టడం. అదే చేశాను. కుక్కకాటుకు ఊళ్ళో కారం అద్దుతారని గుర్తొచ్చి అదీ అద్దాను. రెండో కేక ఏ ఊరి దాకా పోయిందో విచారించలేదు.

మర్నాడు నీళ్ళు తాగుతుంటే పొలమారింది. పిచ్చికుక్క కరిచినవాళ్ళు నీళ్ళంటే భయపడతారని విన్నాను. గ్లాసు వైపు చూస్తే నిజంగానే భయమేసింది. చచ్చిపోతానేమోనని మా ఆవిడను వెంటబెట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాను.

అక్కడి డాక్టరమ్మ తెలుగు పిల్లే. ముఖానికి మాస్కు, దాని ముందు ప్లాస్టిక్ తొడుగు. "అంకుల్, గాయం మీద ఏంటిది?"

"నూనె, కారం."

"ఉల్లిపాయలు కూడా వేస్తే కూరయ్యేది." గాయాన్ని సబ్బుతో, ధార కింద చాలాసేపు కడిగించింది. "కరిచిన వెంటనే చేయాల్సింది ఇదే. రోగం బయటపడితే ఇక ఎవరూ ఏమీ చేయలేరు, ముందే సూదులు పడాలి. బొడ్డు చుట్టూ కాదులెండి, భుజానికే. రక్తం వచ్చింది కాబట్టి గాయంలోకి కూడా మందు ఎక్కిస్తాం. ఇంతకీ ఆ కుక్కేది? పది రోజులు దాన్ని గమనించాలి."

నల్లకుక్క కథ చెప్పాను. పట్టించమని మునిసిపాలిటీకి చెప్తానని ఆమె ఫోను తీసింది. అప్పుడు నా మనస్సాక్షి మేల్కొంది. ఎవరూ అడగకుండానే, "డాక్టరమ్మా, కరిసింది తెల్లది. మా ఓనరుది. మాస్కు తొడగబోయిన" అని ఒప్పేసుకున్నాను. ఆమె నవ్వుకు ముఖం ముందున్న తొడుగు మసకబారింది.

కేసు వేయొచ్చా అని అడిగాను.

"పెంపుడు కుక్కని నిర్లక్ష్యంగా వదిలేస్తే ఓనరు మీద పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు, వైద్యం ఖర్చులు అడగొచ్చు. ఈ చీటీలు, గాయం ఫోటో దాచుకోండి. కానీ మీరే దాని జోలికి వెళ్ళారు కదా, కేసు నిలబడుతుందో లేదో వకీలుని అడగండి."

"జడ్జి సాబు కుక్కను సూపియమంటడు" అంది మా ఆవిడ దారిలో. "గంతే ఉన్న కుక్కను జూసి ఆయన నవ్వుతడు. నన్ను సాచ్చెం పిలిస్తే నేను నిజమే జెప్త."

వకీలు అవసరం పడలేదు. సంగతి తెలిసి శేఠే చేతులు జోడించుకుంటూ వచ్చాడు. కుక్కల డాక్టరు దుకాణం మూసేయడంతో పొమేరియన్‌కు ఈ ఏటి సూది పడలేదట. "భాయ్, పోలీస్ కో మత్ బోల్నా" అని, పోలీసులకు చెప్పొద్దని బతిమాలాడు. దాన్ని కట్టేసి చూసుకుంటానని, నా ప్రతి సూదికీ లాక్‌డౌన్ పాసున్న తన స్కూటరు మీద తానే తీసుకుపోతానని ఒప్పందం. రోడ్డుకు అడ్డం పెట్టిన నాకాబందీ దగ్గర పోలీసు ఆపితే శేఠ్ ఉన్నమాట చెప్పాడు. అంతవరకు ఎవరికీ దూరం పాటించని ఆ పోలీసు నాకు మాత్రం బారెడు దూరం జరిగాడు.

ఆ పది రోజులు పొద్దున్నే కటకటాల్లోంచి వంగి అది పాలు తాగుతోందా లేదా అని చూసేవాణ్ణి. ఒకరోజు అది గిన్నె వైపు చూసి ముఖం తిప్పుకుంటే నాకు అన్నం సహించలేదు. సాయంత్రానికి అది బిస్కెట్లు తిన్నదని తెలిశాకే పళ్ళెం ముందు కూర్చున్నాను. నా పెళ్ళాంబిడ్డల ఆరోగ్యం కోసం కూడా అంత గట్టిగా మొక్కలేదు. అది బతికింది, నేనూ బతికాను. డాక్టరమ్మ చెప్పిన సూదులన్నీ మాత్రం పూర్తి చేశాను.

ఇందులో ఒక్క ముక్క కల్పించాను. డాక్టరమ్మ ముందు నా మనస్సాక్షి మేల్కోలేదు. ఆమె ఫోనులో నల్లకుక్క గురించి చెబుతుంటే, "తోక సుత నల్లగనే ఉంటది" అని నేను వివరాలు అందిస్తున్నాను. అప్పుడు మా ఆవిడ నా వీపు మీద ఒక్కటి చరిచి, "వట్టి మాటలు డాక్టరమ్మా! తెల్లది, గింతంత ఉంటది. జర దాన్ని సూడమని ఓనరుకు జెప్పుండ్రి, ఈయన నాకు గావాలె" అంది.