మాలకొండమ్మ అడిగిన మాట

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే మాలకొండమ్మ కర్ర కొనే ముందు ఒకటే అడుగుతుంది: "ఇది దేనికి పనికిరాదు?" అన్నిటికీ పనికొస్తుందన్నవాడి దగ్గర ఆమె పుల్ల కూడా కొనదు.

ఈమధ్య రాత్రిళ్లు ఆమె కుడి చెయ్యి గుంజుతోంది, బొటనవేలు మొద్దుబారింది. గరిటె నున్నగా వచ్చిందో లేదో చెప్పేది ఆ వేలే. అది పలకడం మానేశాక, ఎవరూ చూడకుండా గరిటెను చెంపకు రాసుకుని చూసేది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని డాక్టరు మాత్రలూ పట్టీ ఇచ్చి, తగ్గకపోతే ఆపరేషన్ అన్నాడు. కోతకు ఆమె భయపడలేదు. ఆ తర్వాతైనా వేలు మళ్లీ పలుకుతుందా అన్నదే బెంగ.

పక్కింటి రజిని ఆక్యుపంక్చర్ సంగతి చెప్పింది. "సూదులు గుచ్చుతారంట పెద్దమ్మా. లోపల మందుండదంట."

"మందు లేని సూదేంది?" నొప్పి కన్నా ఆ వింత ఆమెను ఎక్కువ లాగింది.

గొర్రెలు కాసే భర్త ఓబులయ్య నవ్వాడు. "గొర్రెకు వాత పెట్టినట్టు నీకు సూది పెడతారు. పోయిరా. నువ్వరిస్తే ఈడిదాకా వినపడతాది."

ఆత్మకూరులో అట్లా సూదులు గుచ్చేవాళ్లు ఇద్దరున్నారు. బస్టాండు దగ్గరి ఆయన్ని ఆమె తన పాత ప్రశ్నే అడిగింది. "పనికిరాకపోవడమేందమ్మా! షుగరు, పక్షవాతం, మోకాళ్లు, అన్నిటికీ పనిచేస్తాది. పడుకో" అన్నాడాయన. ఆమె చెప్పులేసుకుని బయటికొచ్చింది.

రెండో మనిషి గోపిక. మేడ మీద చిన్న గది. అదే ప్రశ్నకు ఆమె వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది.

"విరిగిన ఎముకకు పనికిరాదు. నరం బాగా నలిగిపోయుంటే నేనేం చెయ్యలేను. నొప్పి కూడా కొందరికి తగ్గతాది, కొందరికి తగ్గదు. డాక్టరిచ్చిన పట్టీ మాత్రం తియ్యొద్దు."

మాలకొండమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"కొన్నాళ్లు గరిటెలు చెక్కే కత్తి పట్టకూడదు మరి," అంది గోపిక. "అవునూ, ఆ చెంప మీద గీతలేందమ్మా?"

ఇంట్లోవాళ్లెవరూ అడగని మాట అది. మాలకొండమ్మ కొంగుతో చెంప కప్పుకుంది. తర్వాత మెల్లగా అంతా చెప్పేసింది.

గోపిక కొత్త సూది కవరు చింపింది. "కళ్లు మూసుకో."

"మూసుకుంటే నాకేం కనపడతాది? వెంట్రుకంత ఉండాదే! దీనికి మొనెట్లా తీస్తారు?"

"నాకూ తెలీదమ్మా. చెయ్యి కదిలించబాక."

వారం వారం బస్సెక్కింది. రాత్రిళ్లు చెయ్యి గుంజడం తగ్గింది. వేలు మాత్రం అట్లాగే ఉంది. ఒకరోజు తిరుగు బస్సులో, సంచిలోని సగం చేసిన గరిటె తీసి బొటనవేలితో కాడ వెంట రాసింది. ఒకచోట వేలు ఆగింది. అక్కడే చెంపకు ఆనించి చూసింది. చెంప కూడా అవునంది.

"సూదికి తగ్గిందా?" ఇంటికి రాగానే ఓబులయ్య అడిగాడు.

"సూదికో, పట్టీకో, పని మానినదానికో, నాకేం తెలుసు. వేలికి ఒక గరుకు మాత్రం దొరికింది."

"అయితే నున్నగా రుద్దేయ్."

"ఉండనీ," అంటూ ఆమె గరిటెను గుడ్డలో చుట్టింది. "రేపు మళ్లీ దొరుకుతాదో లేదో చూడొద్దా?"