తడిగుడ్డ దావీదు

కోరుట్లలో నాకు కార్ల సీటు కవర్ల దుకాణం ఉంది. అందరూ నర్సన్న అంటారు. ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల తిరిగే కార్ల సీట్లన్నీ ఊడదీసి బిగించినవాణ్ని గనక, కార్ల గురించి నాకంటే తెలిసినవాడు ఇంకొకడున్నాడంటే నాకు మింగుడుపడదు. దావీదు సంగతి చెప్పేముందు నా ఈ బుద్ధి గురించి చెప్పుకోవడం న్యాయం.

దావీదు సొంతూరు వెల్గటూర్. గుంట భూమి లేని ఇల్లు. తండ్రి ఏసయ్య జీవితమంతా ఒకరి పొలంలో కూలి చేసి పోయాడు. దావీదు ఇరవై ఏడో ఏట గల్ఫ్‌కు పోయి, పద్నాలుగేళ్లు ఉండి వచ్చి, భార్య విజయ పుట్టినూరైన కోరుట్లలో చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. గల్ఫ్‌లో ఒక షేకు దగ్గర డ్రైవరుగా చేశాడని ఊరంతా చెప్పుకునేవారు. మొదట ఆయనే అన్నాడో, జనమే కల్పించారో తెలియదు. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు. గల్ఫ్ నుంచి వచ్చిన మా వాళ్లలో సగం మంది అక్కడ చేసిన పనికి ఇక్కడ వేరే పేరు చెబుతారు. వినేవాళ్లకూ తెలుసు. ఎవరూ ఎవరినీ నిలదీయరు.

ఆయన బతుకుతెరువు, పాత కారు కొనేవాళ్ల వెంట వెళ్లి మంచి చెడ్డ చెప్పడం. భుజం మీద మూడు గుడ్డలు, చేతిలో నీళ్ల సీసా. కారు దగ్గరికి పోగానే మిగతావాళ్లలా బానెట్ ఎత్తడు. గుడ్డ తడిపి పైకప్పు నుంచి మొదలుపెట్టి కారంతా తుడుస్తాడు. మళ్లీ రంగు వేసిన రేకు మీద నీళ్లు వేరేగా జారతాయట. తలుపుకూ తలుపుకూ మధ్య సందులో వేలు పెట్టి పైనుంచి కిందికి లాగుతాడు. చివరికి వెనక సీట్లో కూర్చుని, అద్దాలన్నీ ఎక్కించి, పది నిమిషాలు వాసన చూస్తూ ఊరికే ఉంటాడు. దిగాక తీసుకో అనో, వద్దు అనో ఒక్క మాట చెప్తాడు. పాత కార్ల బ్రోకర్లు ఆయన్ని చూస్తేనే ముఖం మాడ్చుకునేవారు.

మా వైపు కొత్తగా పెళ్లైనవాడికైనా, గల్ఫ్ నుంచి వచ్చినవాడికైనా సెడానే కావాలి. ఎత్తు బండ్ల మోజు వచ్చినా మా వాళ్లు సెడాన్ వదలకపోవడానికి కారణం డిక్కీ. శంషాబాద్ విమానాశ్రయానికి కిరాయికి తిప్పే బండిలో తాళ్లు కట్టిన పెద్ద డబ్బాలు నాలుగైనా పట్టాలి. అందుకే డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉన్న సెడాన్ ఇక్కడ సగం ధరకు ఇచ్చినా ఎవరూ తీసుకోరు.

బస్టాండ్ పక్కన సాంబయ్య హోటల్లో రోజూ మాకు ఈ పంచాయితీలే. సాంబయ్యకు డీజిల్ సెడానంటే ప్రాణం. అది ఆపేశారని కంపెనీల మీద ఇప్పటికీ కోపం. మూడు సిలిండర్ల ఇంజన్ ఆటోకు పెట్టుకోవాలి గాని కారుకు పెడతారా అని కసురుకుంటాడు. నేనేమో చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్ల తరఫు. గేరు మారుస్తుంటే వెనక నుంచి ఎవరో నెట్టినట్టుంటుంది, ఆ సుఖం డీజిల్‌లో ఎక్కడిది అంటాను. ఆయన సర్వీసు బిల్లు బయటికి తీస్తాడు. షోరూంలో పది నిమిషాల పనికి రాసిన లేబరు చార్జీ చదివి వినిపిస్తాడు. అంత ఎందుకైందో రాసినవాడికీ తెలియదని ఇద్దరం అక్కడ ఒక్కటవుతాం. పై మోడల్‌కు రెండు లక్షలు ఎక్కువ పెట్టి కొంటే వచ్చేది పెద్ద టీవీ, పైన అద్దం. దావీదు ఇంజన్ల గురించి నోరు విప్పేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, పైకప్పుకు కోత పెట్టి అద్దం బిగిస్తే ఎప్పటికైనా నీళ్లు దిగుతాయని అన్నాడు. కార్లంటే చచ్చేంత పిచ్చి ఉన్నవాడు ఇంజన్ మాటెత్తకపోవడం నాకు మొదటి నుంచీ అనుమానంగానే ఉండేది.

ఇంకొకటి కూడా ఉంది. రెండేళ్ల క్రితం నేను హైదరాబాద్ నుంచి వెండి రంగు సెడాన్ తెచ్చుకున్నాను. గీత పడని బండి అని హోటల్ ముందు ఆపి అందరికీ చూపించాను. దావీదు అడగకుండానే గుడ్డ తడిపి తుడిచి, కుడివైపు వెనక తలుపు మార్చారని చెప్పాడు. పదిమందిలో తల కొట్టేసినట్టయింది. నెల తర్వాత మెకానిక్ కూడా అదే చెప్పాడు. నేనెవరికీ చెప్పలేదు.

కరోనా తర్వాతి సంవత్సరం శోభ అనే ఆమె పాత సెడాన్ కావాలని నా దుకాణానికి వచ్చింది. వాళ్లది బీర్పూర్. మామ హన్మండ్లు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. భర్త తిరుపతి ఆ పని వదిలి గల్ఫ్‌లో ఇళ్లు కట్టే కంపెనీలో చేరాడు. ఆమె బీడీలు చుడుతూ బిడ్డ దీపను పెంచుతోంది. ఆరేళ్ల ఆ పిల్ల తండ్రిని చూసింది ఎక్కువగా ఫోన్లోనే. కంపెనీ నాలుగు నెలలుగా జీతం సగమే ఇస్తోంది. నెలాఖరుకల్లా ఉంటాడో పోతాడో చెప్పమంటోంది. ఇంటి ముందు కారు నిలబడితే తిరుపతి వచ్చేసి విమానాశ్రయం కిరాయిలు కొట్టుకుంటాడు. లేకపోతే ఇంకో రెండేళ్లకు సంతకం పెడతాడు. శోభ దగ్గర ఉన్న డబ్బు ఒక్క బండికి సరిపోతుంది, అంతే. దావీదన్నకు చూపించకుండా కొనొద్దని తిరుపతి గట్టిగా చెప్పాడట. ఎందుకో చెప్పలేదట.

దావీదు నాలుగు బండ్లు చూశాడు. నాలుగూ వద్దన్నాడు. ఒకదానికి ముందు భాగం అతుకు. ఒకటి తిరిగినదానికీ మీటర్లో ఉన్నదానికీ పొంతన లేదు, బ్రేక్ తొక్కే రబ్బరు అరిగిన తీరు చూసి పట్టాడు. మిగతా రెండు ఎందుకు వద్దన్నాడో నాకు అర్థం కాలేదు. నెలాఖరు ఇంకో వారం ఉంది. శోభ ముఖంలో నెత్తురు లేదు.

అప్పుడే సిరిసిల్ల నుంచి రాజేశం ఫోన్ చేశాడు. అతను పాత కార్ల బ్రోకర్, సీటు కవర్లు నా దగ్గరే వేయిస్తాడు. తెల్ల సెడాన్ ఉంది, పెట్రోల్, ఒక్కరి చేతిలోనే నడిచిన బండి అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, దావీదుకు జగిత్యాలలో ఒక బ్రోకర్ కమీషన్ ఇస్తాడని, వాడి బండి వచ్చేదాకా అన్నీ వద్దనే అంటాడని చెవిలో వేశాడు. నిజమా అని నేనడగలేదు. నాకది నిజం కావాలనిపించింది.

ముగ్గురం నా కారులోనే సిరిసిల్ల పోయాం. రాజేశం షెడ్డు మరమగ్గాల పక్కనే ఉంది. ఆ టకటకల్లో ఇంజన్ స్టార్ట్ చేసినా ఏమీ వినపడదు. షెడ్డు అక్కడ ఎందుకు పెట్టాడో ఇప్పుడు నాకు బాగా అర్థమవుతోంది. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. చల్లటి ఇంజన్ లోపాలు బయటపడకుండా మేం రాకముందే వేడి చేశాడన్నమాట. అదీ గమనించాను, అదీ మింగేశాను. తెల్ల కారు మెరిసిపోతోంది. నడిపి చూశాను, వెన్నలా పోయింది.

దావీదు తుడిచాడు, వేలితో సందులు చూశాడు, లోపల కూర్చున్నాడు. ఆ పది నిమిషాలు శోభ కొంగు కొస నోట్లో పెట్టుకుని నిలబడింది. ఆయన దిగేముందు వెనక సీటు బెల్టు కొసదాకా లాగి చూశాడు. అడుగున పసుపుపచ్చగా సన్నని గీత ఉంది.

"గిది నీళ్లల్ల మునిగిన బండి, చెల్లే. అద్దు."

హైదరాబాద్‌లో వరదకు కాలనీలూ కార్లూ మునిగి ఏడాదిన్నర కాలేదు. నాకు వెంటనే తట్టాల్సిన సంగతి. రాజేశం మాత్రం పగలబడి నవ్వి, ఎవరో టీ ఒలకబోసిన మరక అన్నాడు. శోభ నావైపు చూసింది. మగ్గాల నుంచి టీకి వచ్చిన పదిమంది చుట్టూ మూగారు. ఆ సమయానికి నా వెండి రంగు కారూ, పదిమందిలో పోయిన పరువూ గుర్తొచ్చాయి. పద్నాలుగేళ్లు కార్లు నడిపినవాడు ఇన్ని బండ్లు చూసి ఒక్కసారి కూడా స్టీరింగ్ పట్టకపోవడం గుర్తొచ్చింది. తాళంచెవి తీసి ఆయన ముందు పట్టుకున్నాను.

"కూసుండి వాసన జూసుడేంది దావీదన్నా? జర నడిపి చెప్పు."

ఆయన తీసుకోలేదు. ఇంకోసారి అన్నాను. ఆయన నా కళ్లలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అడగకూడనిది అడిగావు అన్నట్టుగా ఉంది.

"నాకు నడుపరాదు."

"మరి గక్కడ పద్నాలుగేండ్లు ఏం జేసినవ్?"

"బండ్లు కడిగిన."

ముందు రాజేశం నవ్వాడు, తర్వాత మిగతావాళ్లు. నేనూ నవ్వాను. దావీదు గుడ్డలు మడిచి భుజాన వేసుకుని, శోభతో ఒక్కసారి మళ్లీ అద్దు అని చెప్పి, బస్టాండు వైపు నడిచిపోయాడు. మా కారులో రాలేదు.

శోభ తిరుపతికి ఫోన్ చేసింది. డ్యూటీలో ఉన్నాడు, ఎత్తలేదు. సాయంత్రంలోపు తేల్చకపోతే కరీంనగర్ వాళ్లు తీసుకుపోతారని రాజేశం అన్నాడు. ఆమె నన్ను అడిగింది. తీసుకో అన్నాను. ఆ ఒక్క మాటా నాదే, ఇంకొకరి మీదికి నెట్టడానికి లేదు.

మూడో రోజు సీటు కవర్లకు బండిని నా దుకాణానికే తెప్పించింది. వెనక సీటు ఊడదీశాను. కింద పరిచిన మందపాటి బట్ట ఎత్తితే ఎండిన ఒండ్రు. బోల్టులకు తుప్పు. వైర్ల కట్ట మధ్యలో మట్టి గడ్డకట్టి ఉంది. ఇరవై ఏళ్లుగా నేను చేసే పని సీట్లు ఊడదీయడమే. సిరిసిల్లలో ఆ సీటు ఎత్తి చూడటానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. నేను చూడలేదు, ఎందుకంటే ఆ రోజు నేను చూడదలచుకున్నది కారును కాదు. శోభ దుకాణం గడపలో కూర్చుని ఉంది. ఏమైందని అడిగింది. మట్టి అంటిన చెయ్యి చూపించాను.

రాజేశానికి ఫోన్ చేస్తే, మీరే చూసుకుని కొన్నారు కదా అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. పది రోజుల్లో బండి మీటర్ లైట్లు ఒక్కొక్కటీ ఆరిపోయి, నడిరోడ్డు మీద ఆగింది. వైర్లన్నీ మార్చాలి, మార్చినా నమ్మకం లేదు అన్నాడు మెకానిక్. ఇప్పటి కార్లలో ఇంజన్‌కంటే వైర్లే ఎక్కువ, నీళ్లు తగిలితే అన్నీ ఒకేసారి పోవు, ఏడాదంతా ఒక్కొక్కటిగా పోతుంటాయి. తిరుపతి రెండేళ్లకు సంతకం పెట్టాడు. నేను కొంత ఇస్తానంటే శోభ తీసుకోలేదు.

ఇక దావీదును ఎవరూ పిలవలేదు. నవ్వు సిరిసిల్ల నుంచి కోరుట్లకు ఆయనకంటే ముందే వచ్చింది. హోటల్ ముందు నుంచి పోతుంటే, అన్నా మా బండి జర కడుగుతవా అని అడిగినవాళ్లున్నారు. ఆయన చెప్పింది నిజమేనని, మునిగిన బండేనని నేను సాంబయ్యతో ఒక్కడితోనే చెప్పాను. పదిమందిలో చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెప్పొచ్చు, ఎల్లుండి చెప్పొచ్చు అనుకుంటూ రెండు నెలలు గడిపాను. ఒకరోజు ధైర్యం చేసి వాళ్లింటికి పోతే విజయ గడపలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు. ఆయన ఊళ్లో లేడని మాత్రం చెప్పింది. నన్ను తప్పించుకోవడానికే అలా చెప్పిందని అనుమానపడ్డాను. అప్పటికి కూడా నా బుద్ధి మారలేదు.

ఆ వారంలోనే తిరుపతి నాకు ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. అతను తిట్టలేదు.

"అన్నా, దావీదన్నకు నడుపరాదని నాకు ఎర్కే. నాలుగేండ్లు ఒక్క రూంల ఉన్నం. పొద్దుగాల మూడింటికి లేశి అరవై బండ్లు కడిగేటోడు. తలుపు తీయంగనే గిది మునిగిన బండని చెప్పేటోడు. గందుకే ఆయనకు సూపెట్టుమన్న. ఎందుకని శోభకు గిట చెప్పలే. గది ఆయన ఇజ్జత్, నేనెట్ల చెప్పుదు?"

దావీదు ఊళ్లో లేడటగా, ఎక్కడున్నాడో తెలుసా అని అడిగాను.

"మొన్ననే అచ్చిండు. మా రూంలనే ఉన్నడు. డ్యూటీకి పోయిండు."

నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఆయన డ్యూటీ ఏమిటో నేనడగలేదు. తప్పంతా నాదేనని, నేను సారీ చెప్పానని ఆయనకు చెప్పమన్నాను. తిరుపతి వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"నేను చెప్పనన్నా. సిరిసిల్లల అయిన ముచ్చట ఆయన మాకెవ్వరికి చెప్పలే. శోభ చెప్తే నాకు ఎర్కైనట్టు సుత ఆయనకు తెల్వది. గీడ ఆయనను జూసి ఎవ్వరు నవ్వరు. మీ సారీ గీడిదాంక పంపకున్రి."

సరే అన్నాను. ఆ రోజే సాంబయ్య హోటల్‌కు పోయి, పదిమంది ఉన్నప్పుడు లేచి నిలబడి జరిగిందంతా చెప్పాను. అందరూ విన్నారు. అప్పటికి ఆ మాట వినాల్సిన మనిషి కోరుట్లలో లేడు.