బావగారి కామెంటు

ఊరికే దొరికే బ్లాగు సాఫ్ట్‌వేర్ ఉందనీ, దాని లోపలి కోడ్ ఎవరైనా విప్పి తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చనీ తెలిసిన నాడు నాకు పట్టాభిషేకం జరిగినట్టయింది. దొరికిన ప్లగిన్లనే హంగులన్నీ తగిలించాను. నా బ్లాగు ఊరేగింపుకు ముస్తాబైన ట్రాక్టరులా తయారైంది. అది తెరుచుకునేలోగా పాఠకుడు రొయ్యల గుంటలో మేత చల్లి, స్నానం చేసి రావచ్చు.

మొదటి వ్యాసం చేపల పులుసు మీద రాశాను. మొదటి కామెంటు చిట్టమూరు నుంచి మా అక్క భర్త, అంటే మా బావగారు పెట్టారు. పులుసులో ఏ మామిడికాయ వేయాలో భారతమంత రాశారట. దొంగ ప్రకటనలు జొరబడకుండా ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక కాపలా ఉంది. అది వినయంగా, ‘మీ వ్యాఖ్య యజమాని అనుమతి కోసం ఎదురుచూస్తోంది’ అని ఆయనకు చెప్పింది. నేను చూసుకోలేదు.

మా వైపు అక్క మొగుడంటే మాటలా? పందిట్లో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టకపోతే ఆ పెళ్ళి పెళ్ళే కాదు. అంతటి మనిషిని నా బ్లాగు గుమ్మం బయట నిలబెట్టింది.

అక్క ఫోన్ చేసింది.

“మీ బావని బయట నిలబెట్టినావంట గదరా? ఇంక మీ గడప తొక్కడంట. నన్నూ పోబాక అంటుండాడు.”

అది నేను కాదు, మిషను చేసిన పని అన్నాను.

“మిషన్ని పెట్టిందెవురురా?”

అక్క మా ఇంటికి రాకపోవడమంటే నాకు సముద్రం ఇంకిపోయినట్టే. మా ఊరు కోట నుంచి బండేసుకుని బావగారి రొయ్యల గుంట గట్టుకు పోయాను. ఎవరిని రానివ్వాలో తేల్చే అడ్మిన్ అధికారం, పాస్‌వర్డుతో సహా, ఆయన చేతిలో పెట్టాను. కోపాన్నయితే పట్టుకుని కూర్చోగలరు గానీ పెద్దరికాన్ని ఎలా కాదంటారు?

మర్నాటికి బ్లాగు తిరునాళ్ళయింది. జుట్టు మొలిపించే నూనెవాళ్ళు, లాటరీవాళ్ళు, రష్యన్‌లో ఏదో రాసినవాడు, అందరినీ బావగారు లోపలికి పిలిచేశారు. ఒక్కొక్కరికీ జవాబు కూడా ఇచ్చారు: ‘వచ్చినందుకు సంతోషం. నూనె ఇప్పుడు వద్దు. ఇటేపొస్తే భోంచేసి పోండి.’

వాళ్ళంతా దొంగ సరుకువాళ్ళు బావా అని మొత్తుకున్నాను.

“వాకిట్లోకొచ్చినోళ్ళని పొమ్మంటామా బామ్మర్దీ?”

ఆదివారం అక్కా బావగారూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. అక్క పులుసు వడ్డించింది. బావగారు మాత్రం ముద్ద కలపకుండా ఫోను చూసుకుంటూ దిగులుపడ్డారు.

“ఆ రష్యా ఆయన మళ్ళీ పలకలేదు. మర్యాదలో ఏమన్నా తక్కువ చేసినామంటావా?”