మొరాయించే తాళంచెవి

మా తమ్ముడు తాళంచెవులు చేస్తాడు. వీధిలో అందరికీ వాడు తాళాలాయనే; అసలు పేరు పోస్టుమాను ఒక్కడికే గుర్తు. మెట్ల కింద వాడి కొట్టు. గోడ నిండా పళ్ళు కొయ్యని తాళంచెవులు, బల్ల మీద నాలుగు ఆకురాళ్ళు. మిషను కొనుక్కోరా అంటే దానికి తొందరెక్కువ అంటాడు.

ముప్పై నాలుగో ఏట వాడికి జబ్బు చేసింది. ముందు గొంతులు వినిపించాయి. తరవాత ఎవరో ఇంట్లోకి వచ్చి సామాన్లు జరుపుతున్నారన్నాడు. వారంలో మూడుసార్లు వీధి తలుపు తాళం మార్చాడు. నాలుగోసారి మార్చి, అమ్మను లోపలే ఉంచి రెండు రోజులు తలుపు తియ్యలేదు. మెట్ల మీద కూర్చుని నేను ఏడ్చిన ఏడుపు పగవాళ్ళకు కూడా వద్దు. చివరికి తలుపు బద్దలు కొట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ వాడి పనేమిటో తెలుసుకుని వాడి భాషలోనే చెప్పింది. మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది, ఏది ముఖ్యమో ఏది కాదో అదే చెబుతుంది. కణాల మీద ఉండే రిసెప్టర్లు తాళాలనుకో, డోపమైన్ తాళంచెవి. నీలో ఒకచోట అది మితిమీరింది, అందుకే పక్కింటివాళ్ళు దగ్గినా నీ గురించే అనిపిస్తోంది. ఈ మాత్ర ఆ తాళంలో దూరుతుంది గానీ తిరగదు. అది ఉన్నంతసేపూ డోపమైన్ దూరలేదు. చేతుల్ని కదిలించే చోట కూడా అవే తాళాలున్నాయి, కనుక చెయ్యి వణకొచ్చు. వణికితే వచ్చి చెప్పు, మోతాదు సర్దుతాను, మానెయ్యకు మాత్రం అంది. మావాడు బుద్ధిగా తలూపాడు. నేనూ ఊపాను.

కొన్ని వారాలకు గొంతులు తగ్గాయి. చెయ్యి మాత్రం వణికింది. ఒక పన్ను దగ్గర ఆగాల్సిన ఆకురాయి పక్క పన్నును కూడా గీకేది. తాళంచెవులు మొరాయించాయి, జనం తిరిగి రావడం మొదలుపెట్టారు. మీ తమ్ముడి తాళంచెవిని బతిమాలితే గానీ తలుపు రాదమ్మా అని పాలవాడు నవ్వితే నాకు ఒళ్ళు మండింది. డాక్టరమ్మకు చెబుదాం పదరా అంటే వచ్చే నెల చూద్దాంలే అన్నాడు. నా బుద్ధి గడ్డి తిని నేనూ సరేనన్నాను.

తరవాత చెయ్యి దానంతటదే కుదురుకుంది. చేసిన తాళంచెవల్లా వెన్నలా తిరిగేది. మందు ఒంటికి పట్టిందని అమ్మా నేనూ పొంగిపోయాం.

ఒక సాయంత్రం నేను పనిచేసే చెప్పుల దుకాణం నుంచి వచ్చి తలుపుకు తాళంచెవి పెట్టాను. దూరలేదు. చూస్తే తాళం కొత్తది.

"ఎవరు?" అన్నాడు తమ్ముడు లోపలి నుంచి.

"అక్కనురా."

"అక్క గొంతుతో ఎవరైనా మాట్లాడగలరు."

తలుపు తియ్యి నాయనా అని లోపల అమ్మ బతిమాలుతోంది. అరిస్తే వాడు ఇంకా బిగుసుకుపోతాడు. ఈసారి తలుపు పగలగొడితే వాడు నన్ను కూడా శత్రువుల్లో జమ కట్టేస్తాడు. మెట్టు మీద కూర్చుని, మాత్ర వేసుకుంటున్నావా అని మెల్లగా అడిగాను.

"మళ్ళీ మళ్ళీ ఎందుకు? తాళంలో తాళంచెవి విరిగితే నేను లాగేదాకా ఆ ముక్క అందులోనే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. రెండు నెలలు వేశాను, అన్నీ నిండిపోయుంటాయి."

చెయ్యి ఎందుకు కుదురుకుందో అప్పుడు తెలిసింది. మేం పొంగిపోయిన రోజులన్నీ జబ్బు తిరిగొస్తున్న రోజులు. తిట్టబోయి ఆగాను. తన పని బాగా తెలిసినందుకే వాడు ఈ తప్పు చేశాడు.

"అది ఇనప తాళం రా. ఇది ఒళ్ళు. ఇవాళ పెట్టింది ఇందులో నిలవదు, జారిపోతుంది. అందుకే రోజూ వెయ్యమంది. నీ చెయ్యి ఇప్పుడు వణుకుతోందా?"

లోపల స్విచ్ వేసిన చప్పుడైంది; చెయ్యి చూసుకున్నాడు కాబోలు.

"లేదు."

"మరి నువ్వే చెప్పు, తాళాలు నిండినట్టా, ఖాళీ అయినట్టా?"

చివరికి గడియ తీశాడు. ముఖమంతా కన్నీళ్ళు. "ఎవర్ని నమ్మాలో తెలియడం లేదక్కా," అన్నాడు. వాణ్ణి పట్టుకుని నేనూ ఏడ్చాను.

డాక్టరమ్మ ఈసారి వేరే మందు ఇచ్చింది. గొంతులు మళ్ళీ తగ్గడానికి చాలా వారాలు పట్టింది. వణుకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కొత్త తాళానికి వాడు చేసిచ్చిన తాళంచెవి రెండుసార్లు మొరాయించి గానీ తిరిగేది కాదు. అది మొరాయిస్తే, మాత్ర వేసుకుంటున్నాడని, నాకు ఊపిరాడేది. నెలకోసారి తాళంచెవి పోయిందిరా అని అబద్ధమాడి, ఇంకోటి చేయించుకుని తలుపుకు పెట్టి చూసుకునేదాన్ని.

మొన్న చేసిచ్చింది ఒక్క తిప్పుకే తిరిగింది. గుమ్మంలోనే నిలబడిపోయాను.

"మోచెయ్యి బల్లకు ఆనించి చేశాను," అన్నాడు వాడు నా ముఖం చూసి. "నీ పెట్టెలో ఏడు తాళంచెవులున్నాయని నాకు తెలుసక్కా. వాటితో పని లేదు, ఇది చూసుకో."

మాత్రల అట్ట నా చేతిలో పెట్టాడు. వాడు ఎదురుగా నిలబడి ఉండగానే సిగ్గు లేకుండా లెక్కపెట్టాను. సరిపోయాయి. మర్నాడు మళ్ళీ లెక్కపెట్టాను.