నాలుగు బండల మీది కారు

జనగామలో మా వీధి చివర బైకులు బాగుచేసే షెడ్డు ఒకటుంది. అక్కడ సామాను నానబెట్టిన కిరోసిన్ వాసన తగిలితే చాలు, చేతిలో కూరగాయల సంచి ఉన్న సంగతి కూడా మరిచి, దేవరుప్పుల పక్కన మా ఊళ్లో, మా వాకిట్లో, నాలుగు బండల మీద నిలబెట్టిన అంబాసిడర్ కారు దగ్గరికి వెళ్లిపోతాను.

ఒక పటేలు గారి కొట్టంలో గడ్డిమోపుల కింద ఏళ్ల తరబడి పడి ఉన్న ఆ కారును, పట్టుకుపొమ్మంటే మా బాపు ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టుందని అమ్మ సణిగింది. రెండెకరాల మిరప చేనుతో బతికేవాళ్లం, కొత్త సామాను కొనే తాహతు ఎక్కడిది? అందుకని బాపు చొట్టలను రోకలితో లోపలి నుంచి మోది సరిచేశాడు, తుప్పును నేనూ అమ్మా ఇటుక ముక్కలతో గీకాం, సీట్లలో ఎవరి చేలోనో ఏరుకొచ్చిన పత్తి కూరాడు, ఇంటి తలుపులకు వేయగా మిగిలిన నీలం రంగు పైన పూశాడు. పాత ఇనుప సామాను కొట్లో దొరికిన ప్రతి ముక్కా మా చారు గిన్నెలో పోసిన కిరోసిన్‌లో నానేది. ఆ ఏడాదంతా చారుకు కూడా అదే వాసన.

ఈ తిప్పలన్నీ నాయినమ్మ కోసం. కాళ్లు పనిచేయక ఆమె బస్సు మెట్టు ఎక్కలేకపోయేది. దంతాలపల్లిలో మంచం పట్టిన తన అక్కను ఒక్కసారి చూడాలని ఆమె ఆశ. నా కారులోనే తీసుకుపోతానని బాపు మాట ఇచ్చాడు. బడి దగ్గర రోజూ ఒక ఆటో నిలబడే ఉండేది.

"జర ఆటోల తీస్కపోరాదు?" అన్నది అమ్మ ఒకసారి.

"నా కారుండంగ కిరాయి బండేంది? ఇంకొక్క నెలాగు," అన్నాడు బాపు.

"నేను నా కొడుకు కారులనే పోత," అని మంచంలోంచి నాయినమ్మ అందుకున్నది. కొడుకు మొహం చిన్నబోతే ఆమె ఓర్చుకోలేకపోయేది. అది మాకందరికీ తెలుసు, అయినా ఎవరం ఏమీ చేయలేకపోయాం.

ఇంజను పలకకపోయినా దసరాకు కారును కడిగి, బంతిపూల దండ వేసి, అప్పుడే ఎక్కించిన అరిగిన టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. నిమ్మకాయలు తొక్కాలంటే బండి నడవాలి కదా. నాయినమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి, అమ్మా నేనూ, గారెలు కాలుస్తూ నూనె చేతులతోనే వచ్చిన ఇరుగుపొరుగూ కలిసి తోశాం. తోస్తూ తోస్తూ ఊరి చివరి కల్వర్టు దాకా పోయాం. నాయినమ్మ దంతాలపల్లి దిక్కు చూస్తూ చాలాసేపు కూర్చున్నది.

"మస్తుగున్నది కొడుకా. ఇగ చాలు," అన్నది.

దంతాలపల్లి దాకా తోద్దామని నేను ఏడ్చాను.

చలి వెనకపట్టాక ఇంజను ఒకసారి దగ్గి ఆగింది. బాపు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. అంతలోనే, కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఎండుతుండగా వాన ముంచుకొచ్చింది. ఇంట్లో చోటు చాలక, చుక్క కూడా కారని చోటు అదే కాబట్టి, అమ్మ కాయనంతా కారులో నింపింది. అన్నం పెట్టే పంట, బాపు ఏమనగలడు? తర్వాత ఎంత తుడిచినా, స్టీరింగు పట్టుకున్న వాళ్లందరూ కళ్లనీళ్లతో తుమ్ముకుంటూ దిగేవారు. ఇంకొక్క నెల మళ్లీ మొదలైంది.

ఆ ఎండాకాలమే నాయినమ్మ అక్క పోయిందని కబురొచ్చింది. బాపు పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ బడి దగ్గరికి ఉరికి ఆటో తెచ్చింది. దంతాలపల్లికి రెండు గంటలు కూడా పట్టలేదు.

తిరిగి వస్తుంటే, రోజూ పొద్దుగూకే వేళ అడిగినట్టే నాయినమ్మ అడిగింది.

"కారు ఎంతదాంక వచ్చిందిర కొడుకా?"

డ్రైవరు పక్కన కూర్చున్న బాపు వెనక్కి తిరగలేదు. ఆటోలో పోదామని నేనైనా మొండికేయలేదే అని నాకు ఇప్పటికీ బాధ.

ఆ కారును ముక్కలుగా కోసి పాత ఇనుములో పట్టుకుపోయారు. నాయినమ్మ లేదు, కల్లం ప్లాట్లయింది, చేను చేతులు మారింది. బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. మొన్న మానుకోట నుంచి మా మేనత్తకు ఒంట్లో బాగాలేదని ఫోను వచ్చింది. మా కారు సర్వీసుకు ఇచ్చాం, రేపు రాగానే పోదాం బాపూ అన్నాను. బాపు చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. బయటికి వచ్చి చూస్తే, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆటో ఆపుతున్నాడు.

"ఎక్కు బిడ్డా," అన్నాడు. "బస్టాండుకు పోదాం. ఏ బస్సొస్తే గా బస్సు."