ఉల్టా తిరిగిన సర్వో మోటారు

నా మోటారు తీగలను నన్ను అడగకుండా మార్చింది మా అక్క మొగుడే. మార్చి ఊరుకున్నాడా? నేరం కరెంటు వాళ్ళ మీదికి తోశాడు. అప్పటినుంచీ మొత్తుకుంటున్నాను, చుట్టాల్లో ఒక్కరూ నమ్మరు.

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర, మా షాద్‌నగర్‌లో కంప్యూటర్ అంటే జాతకం తీసి ఇచ్చే పెట్టె. దానితో ఇనుము కోయిస్తానంటే జనం నా నుదురు పట్టి చూసేవారు. పదో తరగతి గట్టెక్కనివాణ్ణి. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని చిరిగిన మాన్యువల్ చదివి నేర్చుకున్నాను. బావకు బోరు మోటార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. అందులో ఒక మూల పాత మిల్లింగ్ మిషన్ పెట్టుకుని, చేత్తో తిప్పే చక్రాలు పీకేసి, కంప్యూటర్ చెప్పినట్టు కదిలే మోటార్లు బిగించాను. ఇక మిగిలింది స్పిండిల్, అంటే కోసే పనిముట్టును తిప్పే ఇరుసు. దానికి మూతపడ్డ ఫ్యాక్టరీ తుక్కులోంచి ఒక సర్వో మోటారు తెచ్చాను (తెచ్చిన రోజు అన్నం కూడా దాని పక్కనే కూర్చుని తిన్నాను). బావ షరతు ఒక్కటే: పట్నంలో నడుస్తున్న ఇంకో ఫ్యాక్టరీ సారు వచ్చి చూసి పని ఇస్తే మిషన్ ఉంటుంది, లేకుంటే మిషన్ తుక్కుకు, జాగా బోరు మోటార్లకు.

సారు వచ్చే రోజు పొద్దున బావ ముందే మొదటిసారి స్విచ్ వేశాను. తిరిగింది! సన్నగా ఈల వేసుకుంటూ తిరిగింది! నేనూ షెడ్డంతా తిరిగాను. కాకపోతే కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగింది. మోటారును నడిపే డ్రైవ్ పెట్టెలో చిన్న మీట జరిపితే సరి. బస్సు వేళైందని, వచ్చాక జరుపుదామని బస్టాండుకు పరుగెత్తాను.

సారును తీసుకొచ్చి, మీట జరిపేముందు ఎందుకైనా మంచిదని ఒకసారి ఉత్తుత్తిగా తిప్పి చూద్దామని స్విచ్ వేస్తే మోటారు ఒక్క ఎగురు ఎగిరి, గుర్రుమని బిగుసుకుపోయింది. పెట్టె మీద ఎర్ర లైటు. సారు బోరు పైపుల మీద కూలబడ్డాడు.

"నిమ్మకాయ గొయ్యమంటి గద, ఇన్నవా?" అన్నాడు బావ.

"నిమ్మకాయ గాదు బావా, తీగలు ఎవరు ముట్టిన్రు?"

"నాకేమెర్క? కరెంటోళ్ళు లైన్ల ఫేజులు మార్చిన్రేమో."

ఎంత తెగింపు! మా వైపు బోరు మోటారు ఉల్టా తిరిగి నీళ్ళు పడకపోతే, మూడు తీగల్లో రెండింటిని అటుదిటు మార్చడం ప్రతివాడికీ చేతి అలవాటు. సర్వోకు అది పనికిరాదు. దాని తోకనుంచి ఇంకో సన్న కేబులు, తానెటు తిరిగిందో క్షణక్షణం పెట్టెకు చెబుతూ ఉంటుంది. తీగలు మారితే పెట్టె తోసేది ఒకవైపు, కేబులు చెప్పేది ఇంకోవైపు. ఇద్దరు పెద్దమనుషుల పంచాయితీలో మోటారు నలుగుతుంది. ఇక లైను ఫేజులంటారా, అవెలా మారినా ఆ పెట్టెకు పట్టదు. వచ్చిన కరెంటును ముందు డీసీ చేసుకుంటుంది. మూత తీసి చూశాను. రెండు తీగలకు నల్ల టేపు, చివర మీసంలా మెలి. తాలూకా మొత్తంలో అట్లా టేపు చుట్టేది ఒక్కడే, వాడు మా అక్క మొగుడు!

సారు లేచి గడప దాటబోయాడు. అక్క అడ్డం నిలబడింది. "సర్వపిండి గంజు పొయ్యి మీద ఉన్నది సారూ. తినకుండ పోతె నా మీద ఒట్టే!"

ఆ సర్వపిండి కాలేలోపు నేను తీగలు మళ్ళీ సరిగ్గా బిగించి, మీట జరిపి, స్విచ్ వేశాను. కుడికి! ఈల! అల్యూమినియం పలక మీదినుంచి తురుము వెండివానలా లేస్తుంటే, సారు చేతిలో సర్వపిండి ముక్క చేతిలోనే ఉండిపోయింది. "ఈ పని నీకే ఇస్తున్న," అన్నాడు. నేను అక్క కాళ్ళు మొక్కాను. బావ మాత్రం ఊరంతా చెప్పుకున్నాడు: "ఆగింది కరెంటోళ్ళతోని, నడిచింది నా షెడ్డు జాగ మంచిగుండి."

ఆనాడు టేపు ముక్క పట్టుకుని ఊగిపోయిన ఆ బక్కోణ్ణి, అంటే నన్నే, తలచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. కానీ అడగడం మానలేదు. మొన్న బావ మనవరాలి పెళ్ళి పందిట్లో కూడా, "బావా, తీగలు నువ్వే మార్చినవు గద?" అన్నాను. ఎన్నడూ లేనిది, వక్క నమలడం ఆపి నా వైపు తిరిగాడు.

"మార్చిన. అయితేంది? మోటారు ఉల్టా తిరుగుతుండె. సారు ముంగట మా బామ్మర్ది నగుబాటు గావద్దనుకున్న. నాకొచ్చిన విద్య గదొక్కటే, గదే చేసిన."